పైలట్ యూనియన్లు రెండు ఒకటి చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పాత యూనియన్ పెద్దలు చెప్పండి

కుడి సీటు (మిర్యాలగూడ)
అందరికీ నమస్తే. ఇక్కడ వడ్ల రేటు, సాగర్ నీళ్లు, ట్రాఫిక్ చలాన్ల ముచ్చట్లే ఎక్కువ కాబట్టి నా ప్రశ్న కొంచెం వింతగా అనిపించొచ్చు. అయినా ఇక్కడే అడుగుతున్నా. యూనియన్ కొట్లాటలు దగ్గర నుంచి చూసినవాళ్లు మన జిల్లాల్లో ఉన్నంతమంది నా ఉద్యోగంలో లేరు.

నేను ఫస్ట్ ఆఫీసర్‌ని. అంటే విమానంలో కెప్టెన్ పక్కన కుడి సీటులో కూర్చునేవాణ్ని. మా కంపెనీ రెండు కంపెనీలు కలిసి ఒకటైంది. పేరు అడగొద్దు. విమానాల రంగు ఒకటైంది, యూనిఫాం ఒకటైంది, క్యాంటీన్‌లో ఇడ్లీ రేటు కూడా ఒకటైంది. పైలట్ల సంఘాలు మాత్రం రెండూ అట్లాగే ఉన్నాయి. మేనేజ్‌మెంట్ వాళ్లు ఒక సంఘాన్ని పిలిచి "అవతలివాళ్లు ఒప్పుకున్నారు, మీరే ఆపుతున్నారు" అంటారు. అవతలికి వెళ్లి అదే మాట మా పేరు పెట్టి చెప్తారు.

మేం తొమ్మిది మందిమి. ఎవరికీ సంఘంలో పదవి లేదు. బ్రీఫింగ్ గది బయట కాఫీ మెషిన్ దగ్గర నిలబడి సంతకాలు తీసుకుంటున్నాం. కాగితం మీద ఉన్నది ఒక్కటే వాక్యం: "రెండు సంఘాల విలీనం మీద సభ్యులతో ఓటింగ్ పెట్టాలి." మొదటి రెండు వారాలు బాగా వచ్చాయి, తర్వాత ఆగిపోయింది. పెన్ను చేతిలోకి తీసుకున్నాక కూడా అందరూ అడిగేది ఒకటే: "మరి సీనియారిటీ లిస్ట్ సంగతేంటి?" ఎవరు ముందు, ఎవరు వెనక అని చెప్పే ఆ లిస్ట్ మాకు జీవితాంతం ఉంటుంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

జడ్చర్ల బైపాస్
తమ్మీ, కోపం తెచ్చుకోకు. నెలకు లక్షల జీతం తీసుకునేవాళ్లకు యూనియన్ ఎందుకు? మొన్న డిసెంబర్లో ఫ్లైట్లు రద్దయి మా బావ శంషాబాద్‌లో బ్యాగు తలకింద పెట్టుకొని ఒక రాత్రంతా నేల మీద పడుకున్నాడు. మీ యూనియన్లు ఒకటైతే మా బావకేం లాభం?

కుడి సీటు
అన్నా, కోపమేం లేదు. జీతం మంచిదే. దానికోసం మా బాపు రెండెకరాలు అమ్మిండు. లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి, ప్రతి గంటకూ మీటరే. అప్పు ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక మీ బావ సంగతి. పైలట్లకు వారానికి ఇచ్చే విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ, విమానాలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో రూల్స్ తెచ్చింది. రాత్రి పూట దిగే ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గించింది. అవి వెంటనే అమలు కాలేదు. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోతే, 2025 జూలైలో కొన్ని, నవంబర్‌లో మిగతావి అన్నారు. ఆ రూల్స్‌కు సరిపడా మనుషులను ముందే చూసుకోకపోతే ఏమవుతుందో డిసెంబర్లో మీ బావ చూశాడు.

ఒక సంగతి చెప్తా. పోయినేడు వరుసగా మూడు నైట్ డ్యూటీలు చేసి, పొద్దున ఏడింటికి శంషాబాద్‌లో కారు తీశా. పంతంగి టోల్ గేటు దగ్గర లైన్లో ఆగా. వెనక లారీ వాడు హారన్ కొడితే లేచా. నా ముందు వంద గజాలు ఖాళీ. ఎంతసేపు పడుకున్నానో నాకే తెలియదు. ఫాస్టాగ్ పోల్ కింద ఉన్న పిల్లగాడు అద్దం మీద కొట్టి "సార్, తాగారా?" అని అడిగాడు. మూడు గీతల చొక్కా వేసుకొని ఉన్నా. ఏం చెప్పాలో తోచలేదు.

జడ్చర్ల బైపాస్
సరే. ఆ మాట ముందే చెప్పాల్సింది.

ఖాకీ చొక్కా (మహబూబ్‌నగర్, రిటైర్డ్)
బిడ్డా, 31 ఏళ్లు కండక్టర్‌గా చేసిన. యూనియన్ల ముచ్చట కాబట్టి రాస్తున్నా. అచ్చుతప్పులుంటే మనవడిని తిట్టండి, వాడే టైపు చేస్తున్నడు.

2019లో ఆర్టీసీ సమ్మె మీ అందరికీ యాదికుండాలె. అక్టోబర్ 5న మొదలైంది, 52 రోజులు నడిచింది. 48 వేల మందిమి పైనే. యూనియన్లు వేర్వేరుగా ఉన్నా జేఏసీ అని ఒక గొడుగు పట్టుకొని బయటికి వచ్చినం. "సెల్ఫ్ డిస్మిస్" అనే మాట అప్పుడే విన్నం, అంటే డ్యూటీకి రానోళ్లు తమ ఉద్యోగం తామే పోగొట్టుకున్నట్టు. గొడుగు వేరు, ఇల్లు వేరు. వాన పడ్డప్పుడు గొడుగు కిందికి అందరూ వస్తరు. వాన తగ్గినంక ఎవరి ఇంటికి వాళ్లు పోతరు. సమ్మె అయిపోయినంక యూనియన్ల కాలమే పోయింది, డిపోల్లో వెల్ఫేర్ కౌన్సిళ్లు వచ్చినయి. అప్పటికైనా అందరం ఒక్క ఇంట్లో ఉంటే ఎట్లుండేదో అని ఇప్పటికీ అనుకుంటం.

నీ సీనియారిటీ ముచ్చట మాకు కొత్త కాదు. డ్యూటీ చార్ట్ గోడకు అంటించిన రోజు డిపోలో పండగో, పంచాయితీనో ఏదో ఒకటి ఉంటది. సీనియర్‌కు పొద్దున పోయి సాయంత్రం ఇంటికొచ్చే రూటు. జూనియర్‌కు నైట్ అవుట్, పల్లెలో బస్సులోనే పడక. వేరే డిపో నుంచి పదిమంది బదిలీ మీద వచ్చిండ్రంటే చార్ట్‌లో వాళ్లను ఎక్కడ పెట్టాలె? మా చార్ట్ అయితే ఒక నెల మాత్రమే. మీది జీవితాంతం అంటున్నవు.

ఇంకోటి విను. విలీనానికి అడ్డుపడేది ప్రెసిడెంట్ అనుకుంటరు. కాదు. క్యాషియర్. మా దగ్గర ఒకప్పుడు రెండు చిన్న యూనియన్లు కలుద్దామని అన్నీ మాట్లాడుకున్నయి. జెండా రంగు కూడా ఖాయమైంది. ఆఖరికి ఒక ఆఫీసు గది, ఒక ఇనుప పెట్టె, ఏడు రసీదు బుక్కులు ఎవరికి అప్పజెప్పాలె అన్నకాడ ఆగిపోయింది. ఆ పెట్టెలో ఎంతున్నదో నాకు ఇయ్యాల్టికీ తెల్వదు.

దేవరకొండ పంతులు
మా టీచర్లలో ఎన్ని సంఘాలున్నాయో లెక్కపెట్టే పని పదో తరగతి పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. జనవరి వస్తే స్టాఫ్ రూమ్ గోడ మీద క్యాలెండర్‌కు చోటు దొరకదు, ప్రతి సంఘానికీ ఒక క్యాలెండర్, ఒక డైరీ. ఒక సంఘం చీలితే రెండవుతుంది. రెండు సంఘాలు కలిస్తే మూడవుతాయి: కలిసినది ఒకటి, కలవబోమని మిగిలిపోయిన ముక్కలు రెండు. ఈ లెక్క మాత్రం ఒకసారి మనసులో పెట్టుకోండి.

వాయిదా కాగితం (నల్లగొండ కోర్టు)
చట్టం వైపు నుంచి కొంచెం చెప్తాను.

1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలో విలీనానికి పద్ధతి రాసి ఉండేది. ప్రతి సంఘంలోనూ ఓటుహక్కు ఉన్న సభ్యుల్లో కనీసం సగం మంది ఓటు వెయ్యాలి, పడిన ఓట్లలో కనీసం 60 శాతం విలీనానికి అనుకూలంగా ఉండాలి. ఆ తర్వాత రెండు సంఘాల కార్యదర్శులు, ఒక్కో సంఘం నుంచి కనీసం ఏడుగురు సభ్యులు సంతకం చేసిన నోటీసు రిజిస్ట్రార్‌కు పోవాలి. ఆ చట్టం స్థానంలో ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. కాబట్టి ఫారాలు, రూల్స్ రిజిస్ట్రార్ ఆఫీసులో తాజావే అడిగి తెచ్చుకోండి. పాత లెక్కను మీ గీతగా పెట్టుకుంటే మాత్రం నష్టం లేదు. అంత మెజారిటీతో కలిస్తే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు.

మీకు అసలు పనికొచ్చేది ఆ కోడ్‌లోనే ఉంది. ఒకటి కంటే ఎక్కువ సంఘాలుంటే, మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం మంది మద్దతు ఉన్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఎవరికీ 51 లేకపోతే 20 శాతానికి తగ్గకుండా మద్దతు ఉన్న సంఘాల ప్రతినిధులతో కౌన్సిల్ వేస్తారు. ఇప్పుడు మీ రెండు సంఘాలకు చెరో నలభై ఉందనుకోండి. విడివిడిగా ఉన్నంతకాలం ఒకే బల్లకు అటొకరు ఇటొకరు. కలిస్తే ఎనభై.

పైలట్లు కార్మికులు కారు, ఎగ్జిక్యూటివ్‌లు అని కంపెనీలు వాదిస్తుంటాయి. పైలట్ కూడా వర్క్‌మనే అని పాత చట్టం కింద ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ కాపీ దగ్గర పెట్టుకోండి.

షాద్‌నగర్ షిఫ్ట్
ఇరవై ఏళ్లకు పైగా ఎయిర్‌పోర్టుల్లో గ్రౌండ్ డ్యూటీ చేశా. బేగంపేటలో మొదలుపెట్టి 2008లో శంషాబాద్‌కు మారినవాణ్ని. కుడి సీటు తమ్ముడు అడిగిన దానికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది, ఎవరూ ఎత్తలేదు.

2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒక కంపెనీ అయ్యాయి. పైలట్ల సంఘాలు మాత్రం రెండూ మిగిలాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ నుంచి వచ్చినవాళ్లది ఐసీపీఏ, ఎయిర్ ఇండియా పాతవాళ్లది ఇండియన్ పైలట్స్ గిల్డ్. ఒకే పనికి వాళ్లకో జీతం మాకో జీతమా అని 2011 ఏప్రిల్ చివర్లో ఐసీపీఏ సమ్మెకు దిగింది. పది రోజులు. సంఘం గుర్తింపు రద్దు చేశారు, ఆఫీసులకు సీలు వేశారు. ఆ పది రోజులూ పెద్ద విమానాలు విదేశాలకు పోతూనే ఉన్నాయి, ఎందుకంటే అవి నడిపేది గిల్డ్ వాళ్లు.

ఏడాది తిరిగింది. 2012 మేలో ఈసారి గిల్డ్ సమ్మె. కొత్తగా రాబోయే బోయింగ్ 787 మీద ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకు ట్రైనింగ్ ఇవ్వడం ఏంటని గొడవ. వాళ్లు అది తీసుకుంటే తమ కమాండ్, అంటే కెప్టెన్ సీటు, వెనక్కి పోతుందని గిల్డ్ వాళ్ల భయం. 58 రోజులు నడిచింది. వంద మందికి పైగా ఉద్యోగాలు పీకారు, తర్వాత తీసుకున్నారు. అప్పుడు దేశంలోపలి విమానాలు ఆగలేదు. వాటిని నడిపేది ఎవరో వేరే చెప్పాలా?

అంటే ఒకరు గేటు బయట నినాదాలిస్తుంటే ఇంకొకరు కాక్‌పిట్‌లో ఉన్నారు. మరుసటేడు సీట్లు మారాయి. ఆ రోజుల్లో ఒకే క్రూ బస్సులో రెండు సంఘాల వాళ్లు ఎక్కితే మధ్యలో ఒక వరుస సీట్లు ఖాళీగా ఉండేవి. నేను కళ్లారా చూశా. టాటాలు 2022 జనవరిలో కంపెనీ తీసుకున్నారు. 2023లో కొత్త జీతాల కాంట్రాక్టు వచ్చినప్పుడు మాత్రం రెండు సంఘాలూ కలిసి ఒకే ఉత్తరం రాశాయి. దానికి పదహారేళ్లు పట్టింది.

కుడి సీటు
షిఫ్ట్ అన్నా, మా దగ్గర ఆ 787 కథ ఇంకా బతికే ఉంది. సంతకం అడిగితే వయసున్న కెప్టెన్లు ముందు అదే చెప్తారు. సీనియారిటీ అంటే బయటివాళ్లకు ప్రమోషన్ అనిపిస్తుంది. మాకు అది నంబర్. నేను ఎప్పుడు ఎడమ సీటుకు పోతా, నాలుగో గీత ఎప్పుడు వస్తుంది, ఏ విమానం, ఏ ఊరు బేస్, దసరాకు లీవు దొరుకుతుందా, అన్నీ ఆ నంబరే. అవతలి కంపెనీలో నియామకాలు తొందరగా జరిగాయి, కమాండ్‌లు తొందరగా వచ్చాయి. నాకంటే మూడేళ్లు వెనక చేరినవాడు అక్కడ కెప్టెన్. చేరిన తేదీ పట్టుకుంటే వాడు నష్టపోతాడు, హోదా పట్టుకుంటే నేను నష్టపోతా.

డల్లాస్ వనపర్తి
నేను పైలట్‌ని కాదు, ఐటీ. కానీ మా పక్కింటాయన అమెరికన్ ఎయిర్‌లైన్స్ కెప్టెన్. బార్బెక్యూ పొయ్యి దగ్గర వేరే టాపిక్ ఉండదు కాబట్టి ఈ చరిత్ర నాకు కంఠతా వచ్చింది.

ఇక్కడ పైలట్లకు పెద్ద యూనియన్ ఆల్పా, 1931లో పుట్టింది. చాలా కంపెనీల పైలట్లు అందులోనే ఉంటారు. అమెరికన్ పైలట్లు 1963లో దాన్నుంచి బయటికొచ్చి ఏపీఏ అని సొంత సంఘం పెట్టుకున్నారు. మళ్లీ ఆల్పాలో కలుద్దామని కింది నుంచే కొందరు పైలట్లు తిరుగుతున్నారు, మా పక్కింటాయన వాళ్లలో ఒకడు. అచ్చం మీలాగే, పదవి లేదు, కార్డుల కట్ట ఒకటి జేబులో ఉంటుంది.

చెడిపోయిన కథ ముందు చెప్తా. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. రెండు వైపులా ఆల్పానే, అంటే యూనియన్ ఒకటే. లిస్టులు కలపడం కుదరక మధ్యవర్తికి ఇచ్చారు. 2007లో ఆయన లిస్ట్ ఇచ్చాడు. ఎన్నో ఏళ్ల సర్వీసున్న తూర్పు పైలట్లు, కొత్తగా చేరిన పడమటి పైలట్ల కిందికి పోయారు. తూర్పువాళ్లది మెజారిటీ. వాళ్లు కొత్త సంఘం పెట్టి 2008లో ఓటేసి ఆల్పానే బయటికి పంపేశారు. ఒక కంపెనీ, ఒక రంగు, రెండు లిస్టులు. 2013లో ఆ కంపెనీ అమెరికన్‌లో కలిసింది, ఆ గొడవ తెగింది ఆ తర్వాతే.

అంతకుముందు 2001లో టీడబ్ల్యూఏను అమెరికన్ కొన్నప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో చాలామందిని లిస్ట్ అడుగుకు అతికించారు. ఇక్కడ దాన్ని స్టేపుల్ చెయ్యడం అంటారు. ఆ కడుపుమంటలోంచే 2007లో ఒక చట్టం వచ్చింది. కంపెనీలు కలిస్తే సీనియారిటీ న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తి దగ్గరికి పోవాలి అని.

మంచి కథ కెనడాది. ఎయిర్ కెనడా పైలట్లు 1995లో పెద్ద సంఘం నుంచి విడిపోయి సొంతంగా ఉన్నారు. 2023లో ఓటేసి ఆల్పాలో కలిశారు. 2024లో సమ్మె అంచుదాకా పోయి, నాలుగేళ్లలో మొత్తం 42 శాతం దాకా జీతాలు పెరిగే ఒప్పందం తెచ్చుకున్నారు. కలవడం వల్లే వచ్చిందని నేను అనను, ఆ టైంలో పైలట్ల కొరత కూడా ఉంది. కానీ వాళ్ల నంబర్ల జోలికి ఎవరూ పోలేదు. ఆల్పాలో ఏ కంపెనీ పైలట్ల లిస్ట్ వాళ్లదే, కాంట్రాక్ట్ వాళ్లదే. కంపెనీలు కలిసినప్పుడు కూడా రెండు వైపులా వేరు కమిటీలు, వేరు లాయర్లు ఉంటారు. యూనియన్ ఎవరి వైపూ మాట్లాడదు.

జడ్చర్ల బైపాస్
ఒక్క నిమిషం. యూనియన్ కలపడం వేరు, లిస్ట్ కలపడం వేరు అన్నమాట. మరి మన తమ్ముడి కంపెనీలో లిస్ట్ ఎవరు కలుపుతారు?

వాయిదా కాగితం
కంపెనీ. ఎవరూ ఏమీ అనకపోతే కంపెనీయే ఒక శుక్రవారం సాయంత్రం మెయిల్‌లో పెడుతుంది.

ఖాకీ చొక్కా
శుక్రవారం కాదు లాయర్ సాబ్, పండగ ముందు రోజు.

మూసీ ఒడ్డు (సూర్యాపేట)
పైలట్ అన్నలకు ఒక మాట. నేను క్యాబిన్ క్రూ. విమానంలో మీరిద్దరే ఉండరు, వెనక మేం కూడా ఉంటాం. 2024 మేలో ఒక విమాన సంస్థలో క్రూ చాలామంది ఒకేసారి సిక్ లీవు పెట్టారు, పాతిక మందికి టెర్మినేషన్ లెటర్లు వచ్చాయి, తర్వాత చర్చలు జరిగి వెనక్కి తీసుకున్నారు. సంతకాలు పెట్టినవాళ్లు ఒకటి గమనించండి. కొత్త కోడ్‌లో సగం మంది కలిసి ఒకేసారి క్యాజువల్ లీవు పెడితే అది కూడా సమ్మే. నోటీసు ఇచ్చి 14 రోజులు ఆగాలి. "అందరం ఒక రోజు ఫోన్ ఆఫ్ చేద్దాం" అని గ్రూపుల్లో రాయకండి. స్క్రీన్‌షాట్ తీసేవాడు ప్రతి గ్రూపులోనూ ఉంటాడు.

దేవరకొండ పంతులు
అమ్మా, నువ్వు చెప్పింది నిజం. మా గ్రూపులో వాడెవడో అందరికీ తెలుసు, అయినా తీసెయ్యలేం. అడ్మిన్ వాడే.

షాద్‌నగర్ షిఫ్ట్
డల్లాస్ తమ్ముడు చెప్పినదాంట్లో నాకు ఒక చిక్కు కనిపిస్తోంది. యూఎస్ ఎయిర్‌వేస్ కథలో దెబ్బకొట్టింది మెజారిటీ. ఎక్కువ మంది ఉన్నవాళ్లు ఓటుతో సంఘాన్నే మార్చేశారు. మన కుడి సీటు కంపెనీలో కూడా ఒక సంఘం పెద్దది, ఒకటి చిన్నది ఉంటాయి కదా. చిన్న సంఘంవాళ్లు సంతకం పెట్టనిది అందుకే. "కలిశాక మమ్మల్ని ఓట్లతో తొక్కేస్తారు" అని వాళ్ల లెక్క. ఆ భయం తప్పు కాదు. ముందు దానికి తాళం వెయ్యాలి.

కుడి సీటు
అన్నా, దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది. మాది పెద్ద సంఘం. ఇన్ని రోజులూ మేం వాళ్లతో "మనం కలిస్తే ఎంత బలమో చూడండి" అంటున్నాం. వాళ్లకు వినపడింది మా బలం మాత్రమే. కాగితం మళ్లీ రాస్తాం. మూడు వారాలు టైం ఇవ్వండి, సిమ్యులేటర్ చెక్ కూడా ఉంది.

కుడి సీటు (మూడు వారాల తర్వాత)
చెక్ పాసయ్యా. కాగితం సంగతి చెప్తా.

లిస్ట్‌ను విలీనం నుంచి పూర్తిగా బయట పెట్టేశాం. కలిసిన సంఘం సీనియారిటీ మీద ఓటింగ్ పెట్టకూడదు, రెండు వైపుల నుంచి సమానంగా ముగ్గురేసి, వాళ్లకు కుదరకపోతే బయటి మధ్యవర్తి. ఆ నిబంధన మార్చాలంటే రెండు వైపులా విడివిడిగా 60 శాతం ఒప్పుకోవాలి, అంకె లాయర్ సార్ చెప్పిందే. విలీనం అయ్యేదాకా విశ్రాంతి, రోస్టర్ విషయాల్లో ఏ సంఘం ఒంటరిగా సంతకం పెట్టదు. డబ్బుల సంగతి కాకా చెప్పాక రాశాం: రెండు సంఘాల ఖాతాలు బయటి ఆడిటర్ చూశాకే ఒక ఖాతా.

ఇప్పుడు కాఫీ మెషిన్ దగ్గర నిలబడితే ఎక్కువసేపు పడుతోంది, ఎందుకంటే చదువుతున్నారు. సంతకాలు పాత స్పీడులో రావడం లేదు. కానీ చిన్న సంఘం నుంచి మొదటిసారి వస్తున్నాయి.

మొన్న తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక కెప్టెన్ వచ్చాడు. తలంతా నెరిసింది, 2012 చూసినవాడు. టోపీ తీసి మెషిన్ మీద పెట్టి, కాగితం రెండుసార్లు చదివాడు. జేబులోంచి తన పెన్నే తీశాడు. "బయటి ఆడిటర్" అన్నచోట గీత గీసి, పైన సన్నగా "ఇద్దరు, చెరో వైపు నుంచి ఒకరు" అని రాశాడు. సంతకం పెట్టి, కాపీ ఒకటి తనకివ్వమన్నాడు. ఫ్లైట్‌కు టైం అయ్యిందని వెళ్లిపోయాడు.

ఖాకీ చొక్కా
ఆయన ఏ సంఘం బిడ్డా? పదవి ఏమన్నా ఉందా?

కుడి సీటు
అవతలి సంఘం కాకా. క్యాషియర్.

ఖాకీ చొక్కా
అయితే ఈసారి కనపడ్డప్పుడు రసీదు బుక్కులు ఎన్నున్నయో అడుగు.